పెరట్లో ఇరవై నిమిషాలు

ఇల్లు బేరం కుదరడానికి రెండు నిమిషాలు పట్టింది. అందులో ఒక నిమిషం వంకాయ కూరకే పోయింది.

సామర్లకోట స్టేషను వెనక వీధిలో గుబ్బల మాణిక్యాంబ పదహారేళ్ళుగా అద్దెకుంటున్న ఇల్లు అది. రెండు గదులు, ఒక వంటిల్లు, వెనక ఇంటికంటే పెద్ద పెరడు. పెరట్లో ఆమె తన చేతులతో మట్టి మెత్తి వేసుకున్న గాడిపొయ్యి. మూడు మూకుళ్ళు ఒకేసారి ఎక్కుతాయి దాని మీద. ఊళ్ళో ఏ పిల్ల అత్తారింటికి వెళ్ళినా, వెంట వెళ్ళే సారెలో అరిసెలూ కాజాలూ లడ్డూలూ ఆ పొయ్యి మీద నుంచి దిగినవే. మొగుడు పోయాక మాణిక్యాంబను నిలబెట్టింది ఆ పొయ్యి. దాన్ని చంకన పెట్టుకుని ఇంకో ఇంటికి పోవడానికి లేదు. పెరట్లో పొగ అనే మాట చెవిన పడగానే అద్దెకిచ్చేవాళ్ళు తలుపులు వేసేసుకుంటారు.

ఇంటి యజమాని చెల్లూరి సుబ్బారాయుడు గారు పక్కింట్లోనే ఉంటాడు. రెండు పెరళ్ళకీ మధ్య నడుమెత్తు గోడ. ఆయన భార్య పోయినప్పటి నుంచి రోజూ పన్నెండున్నరకి మాణిక్యాంబ ఆ గోడ మీద కూర గిన్నె పెడుతుంది. ఆయన తీసుకుంటూ ఉప్పు గురించి ఒక మాట అంటాడు. ఆ రోజు కూడా అలాగే వచ్చాడు.

"మాణిక్యం, ఈ ఇల్లు అమ్మేసి పిఠాపురంలో మా అక్క దగ్గరకి ఎల్లిపోదామనుకుంటన్నాను."

"అయితే నాకే అమ్మండి."

"కొంటావా?"

"కొంటాను."

ధర ఆయన చెప్పాడు. ఆమె ఒకసారి ఆకాశంలోకి చూసి, ఒక మాట తగ్గించమంది. ఆయన తగ్గించాడు.

"అంతే కదా? సరే. వంకాయలో ఇవాళ ఉప్పు ఎక్కువేశావ్."

"బేరం కుదిరినందుకు కళ్ళనీళ్ళు పడుంటాయి లెండి."

అంతటితో అయిపోవలసింది. కాని రాయుడు గారికి ఒక సంగతి గుర్తొచ్చింది. రెండు నెలల కిందట నవగడప ప్రాపర్టీ సర్వీసెస్ అనే ఆఫీసు వాళ్ళు వచ్చి, గోడ కేలండరు ఒకటి బహుమతిగా ఇచ్చి, ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. ఆర్నెల్ల లోపల ఆ ఇల్లు ఎవరు కొన్నా, ఎవరికి అమ్మినా, అంతా వాళ్ళ ద్వారానే, వాళ్ళ నియమాల ప్రకారమే జరగాలని అందులో ఉంది. రాయుడు గారు అది చదవలేదు. కేలండరు మాత్రం బాగుంది.

"సంతకం పెట్టాక మాట తప్పను మాణిక్యం. ఆళ్ళ ద్వారానే కానిద్దాం. ఒక్కటే షరతు. ఇయ్యాల్టికి ఇరవై రెండో రోజున శుక్ర మూఢం మొదలవుద్ది. మూఢంలో నేను కొత్త చొక్కాయే తొడగను, ఇల్లు రాసివ్వడం నా వల్ల కాదు. ఆ లోపలే అయిపోవాలి."

ఇరవై రెండు రోజులంటే చాలా ఉందనుకుంది మాణిక్యాంబ.

*

నవగడప ఆఫీసు ఒకప్పుడు సైకిళ్ళ షాపు. ఇప్పుడు అద్దాల తలుపు, చల్లటి గాలి, గోడ మీద నవ్వుతున్న కుటుంబాల ఫోటోలు. మేనేజరు చక్రధర్ ముప్పై ఐదేళ్ళవాడు. మెడలో తాడు, తాడుకి కార్డు, కార్డు మీద ఆయన ఫోటో. ఎదురుగా మనిషి ఉండగా ఫోటో ఎందుకో మాణిక్యాంబకు తెలియలేదు గాని, అడగలేదు.

"కంగ్రాచ్యులేషన్స్ అమ్మా. మీ ఆఫర్ యాక్సెప్ట్ అయింది. ఈ క్షణం నుంచి మీరు మా ప్రాసెస్‌లో ఉన్నారు."

"అందులోంచి ఎప్పుడు బయటికొస్తాను బాబూ?"

చక్రధర్ చిరునవ్వు నవ్వి, అరవై నాలుగు పేజీల పుస్తకం ఒకటి ఆమె చేతిలో పెట్టాడు. 'నియమావళి' అని బంగారు రంగు అక్షరాలు. "నేనే స్వయంగా రచించాను. ముఖ్యమైనవి రెండు చెబుతాను. నియమం నాలుగు. కొనుగోలుదారు రిజిస్ట్రేషను పూర్తయ్యే వరకు సంస్థ ప్రతినిధి తోడు లేనిదే సదరు ఆస్తిలో ప్రవేశించరాదు. సందర్శనలు రోజుకు మూడు, ఒక్కొక్కటి ఇరవై నిమిషాలు. నియమం ఐదు. కొనుగోలుదారు, అమ్మకందారు పరస్పరం సంభాషించరాదు. సంభాషణ యావత్తూ సంస్థ ద్వారా జరుగును."

"నేను ఆ ఇంట్లోనే ఉంటన్నాను కదా బాబూ."

చక్రధర్ రెండు ఫైళ్ళు తీసి బల్ల మీద పెట్టాడు. ఒకటి ఆకుపచ్చది, ఒకటి గులాబీ రంగుది.

"ఉంటున్నది అద్దెదారు. ఆవిడది ఆకుపచ్చ ఫైలు. మీరు కొనుగోలుదారు. మీది గులాబీ."

"ఆవిడా నేనే."

"అమ్మా, ఫైళ్ళు రెండున్నాయి."

మాణిక్యాంబ వంగి చూసింది. నిజంగానే రెండున్నాయి.

చక్రధర్ పదహారేళ్ళ నాటి అద్దె కాగితం తెప్పించుకుని చదివాడు. "రెండు గదులు, ఒక వంటిల్లు. వీటిలో అద్దెదారు నిరభ్యంతరంగా నివసించవచ్చు. పెరడు ప్రస్తావన ఇందులో లేదు. కనుక పెరట్లోకి వెళ్ళేది ఎప్పుడూ కొనుగోలుదారే. ఎస్కార్టు తోడు లేకుండా వెళ్ళకూడదు."

"పొయ్యి పెరట్లోనే ఉంది బాబూ! పెళ్ళిళ్ళ రోజులు. మూఢం వచ్చే లోపల పదకొండు సారెలు ఒప్పుకున్నాను. నన్నొక్కదాన్నీ వదిలెయ్యండి."

చక్రధర్ కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. "మా నియమావళిలో మినహాయింపు అనే మాట ఎక్కడా లేదు. కావాలంటే వెతుక్కోండి. మీకూ లేదు, అమ్మకందారుకీ లేదు, ఆఖరికి నాకూ లేదు. అదే మా సంస్థ ప్రత్యేకత." కాస్త ఆగి, గొంతు తగ్గించి, మంచి మాట చెబుతున్నట్టు చెప్పాడు. "ముప్పై రోజుల్లో రిజిస్ట్రేషను కాకపోతే మీ ఆఫరు రద్దవుతుంది. వరసలో తరవాతి పార్టీ అపార్టుమెంటు బిల్డరు. టేపు పట్టుకుని ఇప్పటికే చూసి వెళ్ళారు. ఆ పొయ్యి ఉన్నచోట లిఫ్టు వస్తుందట."

*

మర్నాడు పొద్దున ఎస్కార్టు వచ్చాడు. పేరు తాటిపాక అప్పలస్వామి. గూడ్సు బళ్ళకి ముప్పై నాలుగేళ్ళు గార్డుగా చేసి రిటైరైన మనిషి. ఉద్యోగం పోయినా గడియారం, విజిలు ఆయనతోనే ఉన్నాయి. ఆఫీసు వాళ్ళు ఇచ్చిన నీలం రంగు ప్లాస్టిక్ సంచులు బూట్లకి తొడుక్కుని, ఆస్తి పాడవకుండా, బూట్లతోనే ఇంట్లోంచి నడిచి వచ్చాడు. ఇన్నేళ్ళలో ఆ ఇంట్లో గడప లోపల చెప్పులు వేసుకున్న మనిషి లేడు. మాణిక్యాంబ ఆ సంచుల వంక చూసింది.

"మొదటి సందర్శన. పది గంటల ఇరవై ఒక్క నిమిషం. ఇక్కడ మీ సంతకం, కింద నా సంతకం. ఇద్దరూ లోపలికి వెళ్ళినట్టు రిజిస్టర్లో ఉండాలి."

అప్పటికి ఆమె బియ్యప్పిండి దంచి సిద్ధంగా ఉంచుకుంది. పొయ్యి వెలిగించి బెల్లం పాకం పెట్టింది. పాకం తొందర పడే వస్తువు కాదు. బెల్లం కరగాలి, పొంగాలి, పళ్ళెంలో నీళ్ళు పోసి చుక్క వేస్తే ఉండ కట్టాలి. ఉండ కట్టబోతూ ఉండగా విజిలు మోగింది.

"ఇరవై నిమిషాలు. బయటికి."

"అయ్యా, ఇంకో రెండు నిమిషాలు! ఇప్పుడొదిలితే ముదిరిపోద్ది."

"సిగ్నలు పడ్డాక బండి ఆపకూడదమ్మా."

"పోనీ మీరైనా దింపండి."

"ఎస్కార్టు ఆస్తిలోని వస్తువులను ముట్టరాదు. నియమం పదకొండు."

ఇద్దరూ వంటింటి గడప ఇవతల నిలబడి చూశారు. పాకం ముదిరింది, తరవాత నల్లబడింది, తరవాత మూకుడుకి అంటుకుపోయింది. వాసన వీధి దాకా పోయింది. అప్పలస్వామి గడియారం వంక చూశాడు గాని, రెండోసారి ఆమె వంక చూడలేకపోయాడు.

రాత్రంతా ఆలోచించాడేమో, రెండో రోజు ఉపాయంతో వచ్చాడు. "సందర్శనకీ సందర్శనకీ మధ్య ఎంత సేపు ఆగాలో పుస్తకంలో లేదమ్మా. నేను విజిలేస్తాను. మీరు గడప దాటి ఇవతలికి రండి, సంతకం పెట్టండి, మళ్ళీ వెళ్ళండి. మూడూ కలిపి గంట."

అలా పాకం బతికింది. కాని గంటలో ఒక సారెకి సరిపడా వంట ఎవరు చెయ్యగలరు? వారం తిరిగేసరికి పదకొండులో నాలుగు సారెలు పెద్దాపురం వాళ్ళకి వెళ్ళిపోయాయి.

గోడ అవతల రాయుడు గారి పరిస్థితి ఇంకా అన్యాయం. కూర గిన్నె పెట్టడానికి నియమావళిలో అడ్డు లేదు, ఎందుకంటే గిన్నె మాట్లాడదు. ఉప్పు గురించి అనడానికే లేదు. మంగళవారం నాడు ఆయన బీరకాయ కూర నోట్లో పెట్టుకుని, గోడ దగ్గరకి వచ్చి, నోరు తెరిచి, అప్పలస్వామిని చూసి, నోరు మూసుకుని, చీటీ రాసి ఇచ్చాడు. ఆ చీటీ ఆఫీసుకి వెళ్ళి, ముద్ర వేయించుకుని, శుక్రవారం నాడు మాణిక్యాంబకు చేరింది.

'అమ్మకందారు వారు మంగళవారం నాటి ఆహార పదార్థమునందు లవణ లోపమును గుర్తించినట్లు తెలియజేయుచున్నారు. ఈ విషయమై తమ స్పందనను ఏడు పనిదినములలోగా సమర్పించవలెను.'

మాణిక్యాంబ కలం తీసి కింద తన చేత్తోనే రాసింది. 'వేస్తాను.'

*

పదో రోజున ఆకుపచ్చ కవరులో నోటీసు వచ్చింది. 'కొనుగోలుదారు గుబ్బల మాణిక్యాంబ గారి తరఫున, అద్దెదారు గుబ్బల మాణిక్యాంబ గారికి. తాము ఏడు రోజులలోగా ఇల్లు ఖాళీ చేయవలెను. లేనిచో కొనుగోలుదారు వారికి స్వాధీన ధ్రువపత్రము ఇచ్చుటకు వీలుపడదు. ధ్రువపత్రము లేనిదే రిజిస్ట్రేషను లేదు.'

అది పట్టుకుని ఆమె ఆఫీసుకి వెళ్ళేసరికి చక్రధర్ సంతోషించాడు. "వివాదాన్ని సామరస్యంగా పరిష్కరించుకుందాం. రేపు ఉదయం ఇరుపక్షాలూ రండి."

ఇరుపక్షాలూ ఒకే రిక్షాలో వెళ్ళాయి.

బల్లకి ఈ వైపు రెండు కుర్చీలు వేశారు. ఒకదాని మీద ఆకుపచ్చ కాగితం, ఒకదాని మీద గులాబీ కాగితం అంటించి ఉన్నాయి. రిసెప్షన్‌లో కూర్చునే హైమావతి నోటు పుస్తకం తెరిచి, జరిగింది జరిగినట్టు రాసుకోవడానికి సిద్ధమైంది.

"ముందు అద్దెదారు తమ వాదన వినిపించాలి."

మాణిక్యాంబ ఆకుపచ్చ కుర్చీలో కూర్చుంది. "పదహారేళ్ళబట్టీ ఉంటన్నాను. ఎప్పుడూ ఒక్క నెల అద్దె ఆపలేదు. ఎక్కడికి పొమ్మంటారు? పోను."

"కొనుగోలుదారు?"

ఆమె లేచి, పైట సర్దుకుని, గులాబీ కుర్చీలో కూర్చుంది. "ఆవిడ ఉంటే నాకేం ఇబ్బంది లేదు బాబూ. ఉండనివ్వండి. ఇల్లు శుభ్రంగా ఉంచుకునే మనిషి."

చక్రధర్ ముఖం ముడుచుకుంది. "మీరు ఆవిడని ఖాళీ చేయించమని కోరాలి."

"ఆవిణ్ణి రోడ్డు మీదికి తోస్తే నేనెక్కడ పడుకోవాలి?"

హైమావతి కలం ఆగింది. చక్రధర్ ముందుకు వంగాడు. "ఒక్కటి అడుగుతాను, నిజం చెప్పండి. మీరిద్దరూ ఈ విషయం ముందే మాట్లాడుకున్నారా?"

"మాట్లాడుకోకపోవడమేంటి బాబూ! పొద్దస్తమానం మాట్లాడుకుంటానే ఉంటాం. వంట చేసేటప్పుడైతే మరీను."

"రాసుకోండి హైమావతీ. కొనుగోలుదారు, అద్దెదారు కుమ్మక్కయ్యారు."

ఇంతలో కాఫీ వచ్చింది, ఒక కప్పు. మాణిక్యాంబ ఆకుపచ్చ కుర్చీలో దాన్ని తాగేసి, గులాబీ కుర్చీలోకి మారి, తనకేదని అడిగింది. పక్షపాతం చూపించారనే మాట రాకూడదని చక్రధర్ ఇంకో కప్పు తెప్పించాడు.

కాని కుమ్మక్కు మీద విచారణ మాత్రం తప్పలేదు. విచారణకి పదిహేను రోజులు. మూఢానికి పదకొండు రోజులే ఉంది.

బయటికి వచ్చి మాణిక్యాంబ ఆఫీసు మెట్ల మీద కాసేపు కూర్చుంది. పెరట్లో లిఫ్టు ఎక్కుతూ దిగుతూ ఉన్న మనుషులు ఆమె కళ్ళకి కనబడ్డారు. వాళ్ళ కాళ్ళ కింద ఎక్కడో తన పొయ్యి ఉంది.

*

మాణిక్యాంబ అక్షరాలు నేర్చింది యాభై ఎనిమిదో ఏట. వార్డులో మధ్యాహ్నం పూట పెద్దవాళ్ళకి పెట్టిన బడికి వెళ్ళి, పలక మీద దిద్ది నేర్చుకుంది. అందుకని ఆమె చదివే తీరు వేరు. చదువుకున్నవాళ్ళు కాగితం పైనా కిందా చూసి, మధ్యలో ఏముంటుందో ఊహించుకుని సంతకం పెట్టేస్తారు. ఆమెకు ఊహించడం రాదు. అక్షరం కింద వేలు పెట్టి, ఒక్కొక్క మాటా నోటితో అనుకుని, అది దాటాకే తరవాతి మాటకి వెళుతుంది. అరవై నాలుగు పేజీల నియమావళిని అలా చదవడం మొదలుపెట్టింది. ఎలాగూ పెరట్లో గంటే పని. మిగిలిన పొద్దంతా అద్దెదారుకి తీరికే.

ఆ పుస్తకాన్ని అలా చదివిన మొదటి మనిషి ఆమే. రాసిన చక్రధర్ కూడా రాసుకుంటూ పోయాడే గాని, మళ్ళీ చదవలేదు.

పదిహేడో నియమం దగ్గర ఆమె వేలు ఆగింది. కొనే ఉద్దేశం లేకపోయినా కాలక్షేపానికి ఇళ్ళు చూసి పోయేవాళ్ళని పట్టుకోవడానికి రాసింది అది.

'ఏ వ్యక్తియైనను ఒకే ఆస్తిని మూడు పర్యాయములు సందర్శించినచో, కారణమేదైనను, ఆసక్తిగల కొనుగోలుదారుగా పరిగణింపబడును. అట్టి వ్యక్తికి గులాబీ ఫైలు తెరువబడును. అట్టి వ్యక్తి నియమం నాలుగుకు లోబడి, రోజుకు మూడు సందర్శనలు విధిగా చేయవలెను.'

ఆమె ఇంకోసారి చదివింది. యాభై ఎనిమిదో నియమం దాకా చదివి, అక్కడ ఒక తమలపాకు కాడ గుర్తుగా పెట్టింది.

మర్నాడు పొద్దున అప్పలస్వామి సంచులు తొడుక్కుంటూ ఉండగా పుస్తకం తెచ్చి చూపించింది.

"నాకు చదువు కొత్తయ్యా. ఇక్కడ ఏం రాశారో కాస్త చూసిపెట్టండి."

ఆయన చదివాడు. రిజిస్టరు తెరిచి సంతకాలు లెక్కపెట్టాడు. పదకొండు రోజులు, ముప్పై మూడు సందర్శనలు, ముప్పై మూడూ ఆయన సంతకాలతో. ముప్పై నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా రూలు తప్పని మనిషి.

"అమ్మా," అన్నాడు చివరికి, "నేనిప్పుడు పెరట్లోకి వెళ్ళకూడదు. నాక్కూడా ఎస్కార్టు కావాలి."

*

చక్రధర్ మొదట నవ్వాడు. తరవాత పదిహేడో నియమం చదివి నవ్వు ఆపాడు. "ఇది సిబ్బందికి వర్తించదు" అన్నాడు.

"'ఏ వ్యక్తియైనను' అని ఉంది సార్" అన్నాడు అప్పలస్వామి. "'కారణమేదైనను' అని కూడా ఉంది. మినహాయింపు లేదని మీరే చెప్పారట."

అప్పలస్వామికి గులాబీ ఫైలు తెరిచారు. ఆయన స్థానంలో ఎస్కార్టుగా హైమావతి వచ్చింది. మొదటి సందర్శనలో ఊరికే నిలబడింది. రెండో దాంట్లో బూందీ రుచి చూసింది. మూడోది ముగిసి విజిలు మోగేసరికి ఆమె కూడా ఆసక్తిగల కొనుగోలుదారు అయిపోయింది.

మర్నాడు ఆ ఇద్దరినీ, మాణిక్యాంబనూ వెంటబెట్టుకుని రావడానికి ఆఫీసు వాస్తు సలహాదారు సోమయాజులు గారు దిగాడు. పొయ్యి ఆగ్నేయంలో ఉన్నందుకు చాలా మెచ్చుకున్నాడు. మెచ్చుకుంటూనే మూడు సందర్శనలూ పూర్తి చేశాడు. ఆ తరవాతి రోజు డ్రోను ఫోటోలు తీసే బుల్లియ్య.

నియమం ప్రకారం కొనుగోలుదారులు రోజుకు మూడు సందర్శనలు విధిగా చెయ్యాలి కదా. చేతులు కట్టుకుని నిలబడితే ఎవరికైనా విసుగు. మాణిక్యాంబ తలో పళ్ళెం ఇచ్చింది. ముట్టకూడదనే నియమం ఎస్కార్టుకే గాని కొనేవాళ్ళకి లేదు. హైమావతి లడ్డూలు చుట్టింది. సోమయాజులు గారు తూర్పు ముఖంగా కూర్చుని కాజాలు మడిచాడు. అప్పలస్వామి పాకం దగ్గర నిలబడ్డాడు. పళ్ళెంలో చుక్క ఉండ కట్టేది ఏ క్షణమో ఆయనకంటే కచ్చితంగా చెప్పగలవాళ్ళు ఆ జిల్లాలో లేరు. ఆ ఒక్క గంటలో రెండు సారెలు లేచాయి. పెద్దాపురం వెళ్ళిపోయిన వాటిలో ఒకటి తిరిగొచ్చింది.

గోడ అవతల నుంచి రాయుడు గారు ఇదంతా చూస్తున్నాడు. ఇల్లు కొనడానికి ఇంతమంది ఎగబడుతున్నందుకు ఆయనకు లోపల కాస్త గర్వంగా కూడా ఉంది.

పదిహేనో రోజున ఆఫీసులో చక్రధర్ ఒక్కడే మిగిలాడు. ఆయనే వచ్చాడు. కొత్త బూట్లు, వాటికి కొత్త సంచులు. వెనక అయిదుగురు కొనుగోలుదారులు వరసగా పెరట్లోకి నడిచారు. మొదటి సందర్శన ముగిసింది. రెండోది ముగిసింది. అందరూ వంటింట్లోకి వచ్చి సంతకాలు పెట్టారు.

చక్రధర్ కలం మూసి జేబులో పెట్టుకున్నాడు. "నేను మూడోసారి రాను."

పెరట్లో పెద్ద మూకుట్లో పాకం కుతకుతలాడుతోంది. ఆ సాయంత్రం బండెక్కవలసిన ఆఖరి సారె అది. మాణిక్యాంబ గడప దగ్గర నిలబడి దాని వంకే చూస్తోంది. గెంతి వెళ్ళి దింపెయ్యాలని కాళ్ళు లాగుతున్నాయి. దింపిందా, నాలుగో నియమం తప్పినట్టు, ఆఫరు రద్దయినట్టు, బిల్డరు వచ్చినట్టు. ఆమె కదల్లేదు.

"సార్," అన్నాడు అప్పలస్వామి గడియారం చూస్తూ, "నియమం తొమ్మిది. కొనుగోలుదారు కోరిన సందర్శనను సంస్థ నిరాకరించరాదు. ఇక్కడ అయిదుగురం ఉన్నాం."

"తెలుసు."

"పాకం ఉండ కట్టేసింది సార్."

"తెలుసన్నాను కదా!"

"ముదురుతోంది."

చక్రధర్ మాణిక్యాంబ వైపు చూశాడు. ఆమె ఏమీ అనలేదు. ఒక్కసారి అన్నా బాగుండేది ఆయనకి, కాదనడానికి ఒక మాట దొరికేది. మూకుడు నుంచి సన్నగా పొగ లేచింది. తన చేత్తో తాను రాసిన తొమ్మిదో నియమం, తన చేత్తో తాను రాసిన పదిహేడో నియమం, రెండూ చెరో చెయ్యీ పట్టుకుని లాగుతుంటే, చక్రధర్ కళ్ళు మూసుకుని గడప దాటాడు.

అయిదుగురూ ఒక్క పరుగున వెళ్ళారు. పాకం బతికింది.

*

అరిసెలు వత్తడం అయ్యాక మాణిక్యాంబ చెయ్యి కడుక్కుని, తమలపాకు కాడ పెట్టిన పేజీ తెరిచింది. ఇంకా రెండు నిమిషాల సందర్శన మిగిలి ఉంది. అక్షరాల కింద వేలు పెట్టి, అందరికీ వినబడేలా చదివింది.

"నియమం యాభై ఎనిమిది. తుఫాను, వరద, లేక మరే ఇతర కారణము చేతనైనను, సంస్థ యందు తటస్థ సిబ్బంది ఒక్కరును అందుబాటులో లేనిచో, సంస్థ విచారణలు, ధ్రువపత్రములతో నిమిత్తము లేకుండా, మొదటి కొనుగోలుదారు, అమ్మకందారు తామే నేరుగా రిజిస్ట్రేషను పూర్తి చేసికొనవచ్చును."

"అది తుఫాను కోసం రాశానమ్మా!"

"'మరే ఇతర కారణము' అని కూడా రాశారు బాబూ. మీలో ఎవరైనా తటస్థంగా ఉన్నారా?"

ఎవరూ లేరు. అందరూ ఆసక్తిగల కొనుగోలుదారులే. హైమావతి చేతికి ఇంకా పాకం ఉంది.

"నేను ఈ నియమాన్ని సవరిస్తాను" అన్నాడు చక్రధర్.

"సవరణను తటస్థ అధికారి ప్రతిపాదించాలి సార్" అన్నాడు అప్పలస్వామి. "అరవై మూడు."

చక్రధర్ పొయ్యి పక్కన ఉన్న పీట మీద కూర్చుండిపోయాడు. మూడు రోజులు పోరాడాడు. పై ఆఫీసుకి రాశాడు. నియమావళి కచ్చితంగా అమలు జరుగుతున్నందుకు పై ఆఫీసు అభినందిస్తూ జవాబు పంపింది.

ఇరవయ్యో రోజున, మంచి ఘడియ చూసుకుని, మాణిక్యాంబ, సుబ్బారాయుడు గారు రిజిస్ట్రారు ఆఫీసు బల్ల ముందు పక్కపక్కన కూర్చున్నారు. ఇరవై రోజులుగా ఒకరితో ఒకరు ఒక్క మాట మాట్లాడుకోలేదు. రాయుడు గారు సంతకాలు పెట్టాడు. వేలిముద్రలు వేశాడు. మాణిక్యాంబ కాగితం మొదటి మాట నుంచి చివరి మాట దాకా వేలు పెట్టి చదివింది. వెనక వరసలో నిలబడ్డవాళ్ళు గొణిగారు. ఆమె లెక్కచెయ్యలేదు. కలం పట్టుకుని, గుబ్బల మాణిక్యాంబ అని ప్రతి అక్షరం తలకట్టుతో సహా రాసింది.

గుమాస్తా కాగితాలు తీసుకుని, "అయిపోయిందండీ" అన్నాడు.

రాయుడు గారు వెంటనే ఆమె వైపు తిరిగాడు. అన్నాళ్ళూ నోట్లో దాచుకున్న మాట అది.

"ఆ మంగళవారం బీరకాయలో ఉప్పు బొత్తిగా లేదు మాణిక్యం."

"వేస్తానని రాసిచ్చాను కదండీ."

"నాకింకా చేరలేదు."

*

మూఢానికి ముందు రోజు పొద్దున పాలు పొంగించింది మాణిక్యాంబ. స్టవ్వు మీద కాదు, గాడిపొయ్యి మీద. పాలు పొంగి మూడు వైపులా కారాయి. వీధివాళ్ళు వచ్చారు. హైమావతి వచ్చింది. సోమయాజులు గారు ఆగ్నేయం గురించి మళ్ళీ చెప్పాడు. అప్పలస్వామి పాకం దగ్గరే ఉన్నాడు. మూఢం వెళ్ళాక పెళ్ళిళ్ళ రోజులు మొదలవగానే అక్కడే పనిలోకి వచ్చేస్తానని అప్పటికే చెప్పేశాడు. గూడ్సు బండి కంటే ఇదే జాగ్రత్త పని అంటాడు.

రాయుడు గారు పిఠాపురం బస్సుకి సంచి సర్దుకుని కూడా, కూర గిన్నె ఖాళీ అయ్యేదాకా కదల్లేదు.

గేటు బయట చక్రధర్ నిలబడి ఉన్నాడు. చేతిలో చుట్టిన కేలండరు.

"అక్కడే ఆగిపోయారేంటి బాబూ? లోపలికి రండి."

"రాకూడదమ్మా." ఆయన గొంతులో గర్వం, బాధ రెండూ ఉన్నాయి. "నా గులాబీ ఫైలు ఇంకా మూయలేదు. మూయడానికి తటస్థ అధికారి కావాలి. తోడు లేకుండా నేను ఈ ఆస్తిలో అడుగు పెట్టలేను."

మాణిక్యాంబ కొంగుతో చేతులు తుడుచుకుని గేటు దాకా వెళ్ళింది.

"నేను తోడొస్తాను రండి. ఇంటిగలదాన్ని కదా. అప్పలస్వామి గారూ, టైము చూసుకోండి!"

చక్రధర్ అలవాటు కొద్దీ జేబులోంచి నీలం సంచులు తీసి, బూట్లకి తొడుక్కుని, ఆమె వెనకే పెరట్లోకి నడిచాడు. మాణిక్యాంబ పీట వేసి, పళ్ళెంలో వేడి వేడి అరిసెలు పెట్టింది. మొదటిది మర్యాదకి తిన్నాడు. రెండోది, మూడోది ఎందుకు తిన్నాడో ఆయనకే తెలియదు. నాలుగో దాని మీద చెయ్యి వెయ్యబోతూ ఉండగా విజిలు మోగింది.

చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఆయన పళ్ళెం వంక, అప్పలస్వామి వంక, మాణిక్యాంబ వంక చూశాడు.

"గడప దాటెళ్ళి మళ్ళీ రండి బాబూ" అంది మాణిక్యాంబ. "ఇంకా రెండు సందర్శనలున్నాయి మీకు."

చక్రధర్ బుద్ధిగా లేచి వీధి గడప దాకా వెళ్ళాడు. బయట ఒక్క క్షణం నిలబడ్డాడు. తిరిగి వచ్చేటప్పుడు సంచులు లేవు, బూట్లు కూడా లేవు. వీధి అరుగు కింద అందరి చెప్పుల మధ్య వాటిని విడిచి, వట్టి కాళ్ళతో వచ్చి, పీట మీద కూర్చున్నాడు.